జోడి కాలమ్ తీసేసిన ఆదివారం

మంగళవారం, మొదటి షిఫ్టు

మిషన్ గది పైకప్పు మళ్లీ కారుతోంది. పగులు కింద బకెట్ పెట్టాను. ఎలుకలు కొరికిన కేబుల్‌కు టేపు చుట్టాను. షిఫ్టు దిగే ముందు ఈ పుస్తకంలో ఏదో ఒకటి రాసి తీరాలని కమిటీ రూలు పెట్టింది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే బకెట్ సంగతులు రాసుకునేంత తీరిక ఈ సులోచనకు లేదు.

అసలు పని ఆ తర్వాత వచ్చింది. కమిటీ పెద్ద కొమురక్క తనే దిగి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. జోడి పద్ధతి రద్దు చేస్తూ తీర్మానం అయిపోయిందనీ, డేటాబేస్‌లోంచి జోడి కాలమ్ తీసేయాలనీ, అదీ ఆదివారం పొద్దునకల్లా కావాలనీ చెప్పింది. ఆదివారానికి ఆమె కూతురు సంపూర్ణ పోయి ఏడాది.

పైన ఎండలకు తాళలేక మా తాతలు ఈ పాత బొగ్గు గనిలోకి, అంటే మా బాయిలోకి, దిగినప్పుడు వెంట తెచ్చుకున్న అలవాట్లలో జోడి ఒకటి. ల్యాంపు రూములో ప్రతి మనిషికీ ఒక మేకు, మేకుకు ఒక ఇత్తడి బిళ్ళ. పైకి పనికి పోయే మనిషి జోడి బిళ్ళ తీసుకుని మెడలో వేసుకుంటాడు, తన బిళ్ళ ఆ మేకుకు తగిలిస్తాడు. ఇంకొకరి వస్తువు మెడలో ఉంటే తిరిగి తెచ్చివ్వాలన్న బుద్ధి ఉంటుందని పెద్దలు అనుకున్నారు. వచ్చేటప్పుడు జోడి లోపలి నుంచి వేలు పెడితేనే పై తలుపు తెరుచుకునేది.

సంపూర్ణ జోడి సదయ్య. ఆ రోజు అతను ఇప్పసారా తాగి పడుకున్నాడు. పైన ఎండలో ఆ పిల్ల ప్రాణం పోయేదాకా తలుపు కొడుతూనే ఉంది. తనకు వినపడలేదని సదయ్య కమిటీ ముందు ప్రమాణం చేశాడు. ఆ తర్వాత వేలు పెట్టే రూలు ఎత్తేశారు గానీ బిళ్ళలూ జోడి కాలమూ మిగిలిపోయాయి. సదయ్యకు కొత్తగా జోడి అవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. డేటాబేస్‌లో అతని పక్కన ఇప్పటికీ చనిపోయిన పిల్ల నంబరే ఉంది. పైకి పోయినప్పుడల్లా ఆ పిల్ల బిళ్ళే వేసుకుని పోతాడు. నేనైతే ఏడాదిగా అతని ముఖం చూసి మాట్లాడలేదు.

కూతురు పైకి పోయే ప్రతిసారీ కొమురక్క మేకు దగ్గర నిలబడి ‘ఎండెక్కక ముందే రా’ అనేది. రోజూ అదే మాట. మేమంతా నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఆ మేకు పక్క నుంచి పోవాల్సి వస్తే ముఖం తిప్పుకుని పోతుంది.

“నా బిడ్డ పేరు వాని పేరుతోటి ఇంకెన్ని దినాలు ఉండాలె చెల్లె?” అంది. “ఆదివారం నేను దీపం ముట్టిచ్చేటాల్లకు అది ఉండొద్దు.”

చేస్తానన్నాను. ఆ గొంతు విని చేయనని అనగలిగే మనిషి ఈ బాయిలో లేదు.

బుధవారం, మొదటి షిఫ్టు

బకెట్ నిండింది, పారబోశాను.

అసలు డేటాబేస్ ముట్టుకునే ముందు కాపీ మీద చేసి చూడటం నా అలవాటు. జోడి కాలమ్ తీసేయమని కమాండ్ ఇచ్చాను. మిషన్ మొండికేసింది. దీని మీద ఆధారపడింది ఒకటి ఉంది, తీయను అంది. ఏదీ అని చూస్తే, పైకి పోయినవాళ్ల టేబుల్.

అది నేను ఊహించిందే. ఆ టేబుల్లో మనిషి సొంత నంబరు ఉండదు, మెడలో ఉన్న బిళ్ళ నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుని జోడి కాలమ్‌లో వెతికితే, పైనున్న అసలు మనిషి ఎవరో తలుపుకు తెలుస్తుంది. ఒక టేబుల్ ఇంకో టేబుల్ చెయ్యి అలా పట్టుకుని ఉండటాన్ని పుస్తకాల్లో ఫారిన్ కీ అంటారు. మేం ముడి అంటాం. ముడి ఉన్నంతసేపూ కాలమ్ కదలదు. కదలనివ్వకపోవడమే దాని ఉద్యోగం.

దారులు రెండు. పైకి పోయినవాళ్ల టేబుల్లో సొంత నంబరుకు ఒక కొత్త కాలమ్ పెట్టి, నింపి, ముడిని అక్కడికి మార్చి, తలుపుకు కొత్త పద్ధతి అలవాటు చేసి, చివరికి జోడి కాలమ్ తీయడం ఒకటి. నెమ్మదైన పని, ఆదివారానికి కాదు. రెండోది, కమాండ్ చివర కాస్కేడ్ అనే ఒక్క మాట చేర్చడం. అప్పుడు మిషన్ నోరు మూసుకుని ముడి కూడా తెంపి కాలమ్ తీసేస్తుంది.

కాస్కేడ్ అనగానే టేబుల్లో ఉన్న మనుషులు కూడా కొట్టుకుపోతారని కమిటీలో అందరికీ భయం. పోరు. పోయేది ముడి ఒక్కటే, మనిషికొకటి చొప్పున ఉన్న వరసలు ఎక్కడివక్కడ ఉంటాయి. ఇది చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది.

కాపీ మీద కాస్కేడ్ కొట్టాను. హాయిగా పోయింది. తలుపుకు బిళ్ళ నంబరునే నేరుగా మనుషుల టేబుల్లో చూసుకోమని చెప్పి, దాని పరీక్షలన్నీ నడిపాను. ఒక్క తప్పూ చూపలేదు. నా వీపు నేనే తట్టుకున్నాను.

శనివారం, రెండో షిఫ్టు

పైన దుమ్ము గాలి లేచినట్టుంది. బాయిలోకి గాలి లాగే పంకా చప్పుడు బరువుగా వస్తోంది.

ఓదేలు టీ తెచ్చాడు. ఓదేలు నా జోడి, పైన పంకాకున్న ఇనప జాలి శుభ్రం చేసే ముఠాకు పెద్ద. గదిలోకి రాగానే బకెట్ వైపు చూసి, “అక్కా, నీ మిషన్ కన్న నీ బకెట్టే మంచిగ పనిజేస్తది” అన్నాడు. కప్పు ఖాళీ చేసి ఫో అన్నాను. రేపటి నుంచి నా బిళ్ళ నీ మెడలో వేలాడే బాధ తప్పుతుందని చెబితే, అలవాటైపోయిందని, బరువు లేకపోతే మెడ తేలిపోతుందేమోనని నవ్వాడు.

సాయంత్రం కొమురక్కతో చివరిసారి మాట్లాడాను. నెమ్మదైన దారిలో పోతే మంచిదని చెప్పాను. ఆమె వాదించలేదు, అరవలేదు. ‘నీ పరీక్షల తప్పు వచ్చిందా’ అని మాత్రం అడిగింది. రాలేదన్నాను. ఆదివారం ఎలాగూ పైకి ఎవరూ పోరు. సరే, పొద్దున్నే చేసేద్దామన్నాను.

ఆదివారం, మొదటి షిఫ్టు

కాలమ్ తీసేశాం. కాలమ్ తీయాలంటే రెండు తాళం చెవులు తిప్పాలి, ఒకటి ఆమెది, ఒకటి నాది. రెండూ తిప్పి కాస్కేడ్ కొట్టాను. పైకి పోయినవాళ్ల టేబుల్‌తో ముడి తెగిందని మిషన్ ఒక ముక్క చూపించింది. కాపీ మీద కూడా సరిగ్గా ఇదే ముక్క చూపించింది కాబట్టి నేను రెండోసారి చదవలేదు.

కొమురక్క తెర మీద కూతురి పేరు వెతికించుకుంది. పక్కన ఎవరి పేరూ లేదు. కాసేపు అలాగే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దీపం పెట్టడానికి వెళ్లిపోయింది. మంచి పని చేశాననిపించింది. నిజంగానే అనిపించింది.

ఆదివారం, అదే షిఫ్టు, తర్వాత

పాత కాపీ మిషన్‌లోకి ఎక్కుతుండగా ఇది రాస్తున్నాను.

ల్యాంపు అప్పజెప్పడానికి పోయాను. నా మేకుకు నా బిళ్ళ లేదు. ఓదేలు బిళ్ళ ఉంది. ఓదేలు ముఠాలో పనిచేసే లీల కోసం ఆమె భర్త మొగిలి బల్ల మీద కూర్చుని ఎదురు చూస్తున్నాడు. దుమ్ముకు పంకా జాలి మూసుకుపోయి లోపలికి గాలి తగ్గిందట. తెల్లారకముందే ఓదేలు, లీల, సదయ్య పైకి పోయారట. ఆదివారం గదా అని నేను ఎవరినీ అడగలేదు.

అప్పుడు తట్టింది. మేం కాపీ తీసేది ఏడాదికోసారి, సద్దుల బతుకమ్మ నాడు. ఆ రోజు బాయి మొత్తం ఆటలో ఉంటుంది, మిషన్ ఖాళీగా ఉంటుందని మొదటి నుంచీ అదే ఆనవాయితీ. ఆ రోజు పైకి ఒక్క మనిషి కూడా పోడు. నేను పరీక్షలన్నీ పెట్టింది ఖాళీ టేబుల్ మీద.

తలుపు దగ్గరికి పరుగెత్తాం. పైవాళ్లతో మాట్లాడటానికి తలుపు పక్కనున్న మాట గొట్టంలో ఓదేలు అప్పటికే పిలుస్తున్నాడు. పని అయిపోయిందట, బిళ్ళ చూపిస్తే తలుపు తీయడం లేదట. ఎవరు బిళ్ళ చూపించారో తెలిపే తలుపు పలక మీద చూశాను. ఓదేలు మెడలో ఉన్నది నా బిళ్ళ. ‘ఈ మనిషి లోపలే ఉంది’ అని రాసి ఉంది. లీల మెడలో మొగిలి బిళ్ళ, దానికీ అదే మాట. సదయ్య చూపించిన బిళ్ళకు మాత్రం ‘ఈ మనిషి లేదు’ అని ఉంది.

పలక పైన ఎర్ర దీపం వెలిగినంతసేపూ ఆ ఇనప తలుపును చేత్తో తీసే వీలు లేదు. గ్యాసు కట్టరుతో కోద్దామని మొగిలి అన్నాడు. బొగ్గు బాయిలో మంట పెడితే తలుపుతో పాటు అందరం పోతాం. ఆ సంగతి అతనికీ తెలుసు, అయినా అన్నాడు.

పాత కాపీ ఎక్కించడం మొదలుపెట్టాను. పూర్తయ్యేది పొద్దు కుంకేసరికి. పైన వాళ్లకున్న నీడ ఒక్క రేకు కప్పు. మధ్యాహ్నం దాకా కూడా ఆగలేరు. ఆపేశాను. ఇంకో దారి చూడాలి.

ఆదివారం, రెండో షిఫ్టు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఖాళీ జోడి కాలమ్ మళ్లీ పెట్టడానికి క్షణం పట్టలేదు. కానీ అందులో ఎవరి పక్కన ఎవరుండాలో మిషన్‌కు గుర్తు లేదు. తలుపును పాత పద్ధతికి తిప్పేశాను. పైనున్న ముగ్గురికి రాస్తే చాలు, ముడి వేయొచ్చు. ముడి పడితే తలుపుకు వాళ్లెవరో తెలుస్తుంది. తలుపు పక్కనున్న తెర ముందు కూర్చున్నాను. జోడి రాయాలంటే ఆ నంబరు గల మనిషి వేలు కావాలి. ఓదేలు పక్కన నా నంబరు రాసి నా వేలు పెట్టాను. లీల పక్కన మొగిలి పెట్టాడు. ముడి వేయమన్నాను.

మిషన్ వేయలేదు. ఒక వరసకు జత దొరకలేదు అంది. ముడి అంటే అంతే, టేబుల్లో ఉన్న అందరికీ పడాలి, లేదా ఎవరికీ పడదు. సదయ్య పక్కన సంపూర్ణ నంబరు ఉంటేనే అది పడుతుంది. చనిపోయిన మనిషి నంబరు ఎవరి పక్కన రాయాలన్నా రక్తసంబంధం ఉన్నవాళ్ల వేలు కావాలి. సంపూర్ణకు ఉన్నది తల్లి ఒక్కతే.

మొగిలి నా వెనక నిలబడి అంతా చూస్తున్నాడు. అతను మిషన్ పని తెలియని మనిషి కాదు. “సదయ్య వరస చెరిపెయ్యి అక్కా,” అన్నాడు. “ఇద్దరే ఉంటే ముడి పడతది గదా.”

పడుతుంది. నాకు ఆ ఆలోచన అతనికంటే ముందే వచ్చింది. ఒక్క వరస చెరిపితే ఓదేలు వస్తాడు, లీల వస్తుంది. సదయ్య పైకి పోయినట్టే ఎక్కడా ఉండదు, ఉన్న పేర్లకు మించి ఒక్క మనిషినీ తలుపు రానివ్వదు. ఆ పిల్ల తలుపు కొడుతుంటే లేవని మనిషి కోసం నేను ఓదేలును ఎండలో ఎందుకు నిలబెట్టాలి అనిపించింది. చెరిపే కమాండ్ రాశాను కూడా. ఇంకో మీట నొక్కితే అయిపోయేది.

గొట్టంలో ఓదేలును అడిగాను. లీల కూలబడిపోయిందనీ, ఉన్న నీళ్లు ఆమె తలమీద పోస్తున్నామనీ చెప్పాడు. సంగతి విప్పి చెప్పాను. లీల సంగతి తొందరగా చూడు అక్కా అని, ఆ తర్వాత, “ముగ్గురం పోయినం. ఒకన్ని ఇడిసి నేనైతే రాను” అన్నాడు.

అప్పుడు సదయ్య గొంతు వచ్చింది. ఏడాది తర్వాత వింటున్నాను ఆ గొంతు. తన వరస తీసేయమన్నాడు. వీళ్లిద్దరినీ తను లోపలికి నెట్టి పంపుతానన్నాడు. “కొమురవ్వనైతే అడగకు. ఆమెను ఆ మాట అడగకు” అన్నాడు.

కానీ ఆమె అప్పటికే వచ్చి ఉంది. ఇలాంటి కబురు ఈ బాయిలో మనిషి కంటే ముందు నడుస్తుంది. గుంపు పక్కకు జరిగింది. దీపం దగ్గర నుంచి లేచి వచ్చినట్టుంది, చేతులకు నూనె ఉంది. నేను కుర్చీలోంచి లేచాను. పొద్దున నేను ఆమె కోసం తీసేసిన సదయ్య పేరును, ఆమె చేత్తోనే మళ్లీ కూతురి నంబరు పక్కన పెట్టమని అడగాలి. అడిగాను. చెరిపేసే దారి కూడా ఉందని దాచకుండా చెప్పాను. మీట నొక్కాలా వద్దా అన్నది ఆమె మీదికి నెట్టాను, అది నా పిరికితనం.

ఆమె గొట్టం దగ్గరికి పోయింది.

“సదయ్యా, నేను కొమురవ్వను. నా బిడ్డ తలుపు కొట్టంగ నువ్వు ఇన్నవా?”

ఎవరూ కదల్లేదు. మొగిలి నోరు తెరవబోతే చెయ్యి పట్టుకున్నాను.

“ఇన్న,” అన్నాడు సదయ్య. “ఇన్న పెద్దవ్వా. లేవలే.”

కమిటీ ముందు ప్రమాణం చేసి వినలేదన్న మనిషి అతను. అబద్ధమే చెప్పి ఉంటే ఆమెకు పని కొంచెం తేలికయ్యేది. పైన ప్రాణం మీదికి వచ్చిన సమయంలో నిజం చెప్పడమేమిటని నాకు ఒళ్లు మండింది.

కొమురక్క గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది. పైనుంచి తలుపు మీద చప్పుడు వినపడింది. ఓదేలు కొడుతున్నాడు. లీల మాట్లాడటం లేదని కేక వేస్తున్నాడు. చేత్తో కొడితే ఇనుము మందంగా మోగుతుంది. మేం కిందున్న అందరం ఆ చప్పుడే వింటున్నాం.

“నాకు ఇనబడ్తున్నది,” అంది కొమురక్క. ఎవరితో అందో తెలియదు. వచ్చి తెర ముందు వేలు పెట్టింది.

మిషన్ చదవలేదు. వేలికి దీపం నూనె ఉంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ క్షణంలో ఆమె వెళ్లిపోయినా ఈ బాయిలో ఒక్కరు కూడా తప్పు పట్టేవాళ్లు కాదు, నేను కూడా. ఆమె కొంగుతో వేలు గట్టిగా తుడుచుకుంది. చర్మం ఎర్రబడేదాకా తుడుచుకుంది. మళ్లీ పెట్టింది.

సదయ్య పక్కన సంపూర్ణ నంబరు పడింది. ముడి వేయమన్నాను. పడింది. తలుపు పలక మీద వాళ్ల సొంత పేర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి, ఎర్ర దీపం ఆరింది.

లీలను ఓదేలు, సదయ్య చెరో పక్క పట్టుకుని దించారు. ముఖం కమిలిపోయి ఉంది గానీ ఊపిరి ఉంది. మొగిలి ఆమెను ఎత్తుకుని ఆసుపత్రి వైపు పరుగెత్తాడు. ఓదేలు నా బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు. కాలుతోంది.

సదయ్య తలుపు పక్క గోడకు ఆనుకుని కూలబడ్డాడు. సంపూర్ణ బిళ్ళను మెడలోంచి తీసి కొమురక్క వైపు చాచాడు. ఆమె తీసుకోలేదు. ల్యాంపు రూమును చూపించి, ‘దాని జాగల పెట్టు’ అని చెప్పి వెళ్లిపోయింది.

చెరిపే కమాండ్ ఇంకా తెర మీదే ఉంది. అక్షరం అక్షరం వెనక్కి కొట్టి తీసేశాను.

శనివారం, మొదటి షిఫ్టు

లీల లేచి తిరుగుతోంది. సదయ్య అబద్ధపు ప్రమాణం సంగతి కమిటీ ముందుకు వచ్చింది. ఏడాది పాటు పంకా జాలి పని అతనిదేనని తీర్పు చెప్పారు. ఆ రోజు కొమురక్క పెద్ద కుర్చీలో కూర్చోలేదు, గుంపులో కూర్చుంది.

కాపీలు ఇక నుంచి ముఠా పైనున్న రోజున కూడా తీయాలని రూలు రాయించాను. బతుకమ్మ కాపీ కూడా ఉంటుంది, ఆనవాయితీ పోగొట్టానన్న మాట నాకెందుకు.

నెమ్మదైన దారి మొదలుపెట్టాను. కొత్త కాలమ్ పెట్టాను.

మూడో బుధవారం, మొదటి షిఫ్టు

పైకప్పు కారడం ఆగింది. బకెట్ ఓదేలు పట్టుకుపోయాడు.

పైకి పోయినవాళ్ల టేబుల్లో ఇప్పుడు ఎవరి సొంత నంబరు వాళ్లకుంది. ముడి అక్కడికి మారింది. ముఠా రెండుసార్లు పైకి పోయి కొత్త పద్ధతిలో దిగి వచ్చింది. జోడి కాలమ్ మీద ఇంకా ఏమైనా ఆధారపడి ఉందా అని అడిగాను. లేదంది. కొమురక్కకు కబురు పంపాను. వచ్చి తన తాళం చెవి తిప్పింది. కాస్కేడ్ లేకుండా ఉత్త కమాండే ఇచ్చాను. మిషన్ ఒక్క మాట కూడా అడగకుండా కాలమ్ తీసేసింది. ఈసారి కూతురి పేరు వెతికించుకోలేదు ఆమె.

ల్యాంపు రూము దాకా కలిసి నడిచాం. ముఠా పైకి పోయే వేళ. ఇక బిళ్ళలు మార్చుకునే పని లేదు, ఎవరి బిళ్ళ వాళ్లు వేసుకుంటున్నారు. సదయ్య తన బిళ్ళ వేసుకుని, సంపూర్ణ మేకు ముందు ఆగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. కొమురక్కను చూసి పక్కకు తప్పుకోబోయాడు.

ఆమె ఆ మేకు దగ్గరికి పోయింది. ఏడాదిగా ముఖం తిప్పుకున్న మేకు. బిళ్ళను తీసి, కొంగుతో తుడిచి, సదయ్య చేతిలో పెట్టింది. మిషన్‌కు అది అక్కర్లేదు అక్కా అన్నాను.

“నాకు అక్కరున్నది,” అంది. తర్వాత అతని వైపు చూసింది.

“ఎండెక్కక ముందే రా.”